శాస్త్రంలో లేదమ్మా, ఆచారంలో ఉంది

మా పిన్ని కూతురి పెళ్లి. ముహూర్తానికి ముందు కొబ్బరికాయ మీద మంగళసూత్రాలు పెట్టి, పళ్లెంలో పట్టుకుని, మండపం ముందు కూర్చున్న పెద్దల దగ్గరికి తీసుకెళ్తారు కదా. ఒక్కొక్కరూ సూత్రాలు ముట్టుకుని, కళ్లకద్దుకుని, నాలుగు అక్షింతలు చేతిలోకి తీసుకుంటారు. ఆ పళ్లెం మొదటి వరసకి వెళ్లింది, రెండో వరసకి వెళ్లింది, పెళ్లికొడుకు ఆఫీసు స్నేహితుల దగ్గరికీ వెళ్లింది. పెళ్లికూతుర్ని కన్నతల్లి దగ్గరికి మాత్రం వెళ్లలేదు. పిన్ని వంటశాల పక్కన సామాన్ల గదిలో కూర్చుని తాంబూలం సంచుల్లో వక్కపొడి పొట్లాలు సర్దుతోంది. బాబాయి పోయి అప్పటికి ఆరేళ్లు. కన్యాదానానికి పీటల మీద మామయ్య, అత్తయ్య కూర్చున్నారు. ఈ ఆరేళ్లూ పిల్ల ఫీజులు కట్టింది పిన్ని. సంబంధం చూసింది పిన్ని. గాజులు తాకట్టు పెట్టి ఆ హాలు బుక్ చేసిందీ పిన్నే.

నేను వెళ్లి పురోహితుడి పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. "పంతులుగారూ, వాళ్లమ్మ ఆ సూత్రాలు ముట్టుకోకూడదని శాస్త్రంలో ఉందాండీ?"

ఆయన చేతిలోని దర్భ పక్కన పెట్టి ఒక్క క్షణం ఆలోచించారు. "శాస్త్రంలో లేదమ్మా, ఆచారంలో ఉంది" అన్నారు.

ఆ మాట అప్పటినుంచీ నాతోనే ఉంది. ఇళ్లలో మనం "మన మతం ఒప్పుకోదు", "ధర్మం కాదు", "మన పద్ధతి ఇది", "దేవుడికి ఇష్టం ఉండదు" అనే మాటలన్నీ ఒకే మూటలో కట్టేసి వాడతాం. ఆ మూట విప్పితే కనీసం మూడు వేరు వేరు సంగతులు బయటపడతాయి. తరతరాలుగా చేస్తూ వచ్చింది ఒకటి, దాన్ని ఆచారం అంటున్నాం. ఏది చేయాలి, ఏది చేయకూడదు అని తేల్చేది ఇంకొకటి. దానికి పాతపేరు ధర్మం, అందులో కొంత భాగం ఇవాళ చట్టమైంది. మనిషికీ దేవుడికీ మధ్య, లేదా మనిషికీ తన మనసుకీ మధ్య నడిచేది మూడోది. భక్తి అనండి, అంతరాత్మ అనండి. మూడూ ఒకే మాట చెప్తున్నంత కాలం ఎవరికీ టెన్షన్ లేదు. ఒక తల్లి సామాన్ల గదిలో కూర్చోవాల్సి వచ్చినప్పుడే వీటిలో ఏది మాట్లాడుతోందని అడగాల్సి వస్తుంది.

ఇలా విడదీసి చూడటం ఇప్పటి చదువులు తెచ్చిన అలవాటు అనుకునేవాళ్లున్నారు. అది నిజం కాదు. ధర్మానికి మూలాలేమిటని యాజ్ఞవల్క్య స్మృతి మొదట్లోనే లెక్క చెప్తుంది: శ్రుతి అంటే వేదం, స్మృతి అంటే ధర్మశాస్త్రం, సదాచారం, "స్వస్య చ ప్రియమాత్మనః", అంటే తన ఆత్మకు ప్రియమైనది. వీటికి తోడు మంచి సంకల్పం నుంచి పుట్టిన కోరిక. మను స్మృతి కూడా మొదటి నాలుగింటినీ అదే వరసలో చెప్తుంది. గ్రంథం ఒకటి, మంచివాళ్ల నడవడి ఒకటి, నీ లోపలి మాట ఒకటి. ఎవరైనా "మన ధర్మం" అన్నప్పుడు వీటిలో ఏ మూలం నుంచి చెప్తున్నారని అడిగే హక్కు మనకి ఆ గ్రంథాలే ఇచ్చాయి.

ఈ యాజ్ఞవల్క్య స్మృతి మన భాషకి దూరమైనదీ కాదు. దాని మీద విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల ఆస్థానంలో మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. పదమూడో శతాబ్దంలో, తిక్కన కాలంలోనే, కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అందులో మూడు కాండలు: ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం. వ్యవహారమంటే రాజు దగ్గర తేలాల్సిన తగువు. ఇంట్లో పాటించే ఆచారం వేరు, కోర్టులో తేలేది వేరు, చేసిన తప్పుకి మనిషి పడే పశ్చాత్తాపం వేరు అని ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి తెలుగు పుస్తకమే వేరు వేరు అరల్లో పెట్టింది.

మరి ఆ నాలుగోది, "ఆత్మకు ప్రియమైనది", ఏమైంది? దానికి పట్టిన గతి చూస్తే బాధేస్తుంది. మితాక్షర దాన్ని చాలా చిన్నది చేసింది. శాస్త్రమే రెండు దారులు ఇచ్చినచోట మాత్రమే నీకిష్టమైనది ఎంచుకో అంది. దానికిచ్చిన ఉదాహరణ ఉపనయనం. గర్భం నుంచి లెక్కపెట్టి ఎనిమిదో ఏట చేయొచ్చు, పుట్టుక నుంచి లెక్కపెట్టి ఎనిమిదో ఏట చేయొచ్చు. ఆ రెండింటిలో నీ ఇష్టం. ధర్మానికే మూలమని చెప్పుకున్న అంతరాత్మకి చివరికి మిగిలింది ఆ కాస్త వెసులుబాటు.

వాళ్లు భయపడటానికి కారణం లేకపోలేదు. వేదవాక్యాలకి అర్థం తేల్చే మీమాంసకుల్లో ఒకడైన కుమారిలుడు ఈ చర్చలో కాళిదాసు శాకుంతలంలోని మాట ఒకటి ఎత్తుకున్నాడు. సందేహం కలిగినచోట సత్పురుషులకి తమ అంతఃకరణమే ప్రమాణం అని. గొప్ప మాట. కాని నాటకంలో అది ఎవరు, ఎప్పుడు అంటారు? ఆశ్రమంలో శకుంతలను చూసి మనసు పారేసుకున్న దుష్యంతుడు, తాను ఆమెను పెళ్లాడవచ్చని తనకి తాను నచ్చజెప్పుకుంటూ అంటాడు. ఆ రాజే తర్వాత శాపవశాన నిండు సభలో ఆమెను ఎరగనన్నాడు. మనసు చెప్పేదాంట్లో కోరిక ఎంత, మతిమరుపు ఎంత, నిజం ఎంత? "నా మనసుకి తప్పనిపించలేదు" అనే మాట ఒక్కటే సరిపోదని పెద్దలు అనుకున్నారంటే నేను తోసిపారేయలేను. లంచం తీసుకునేవాడికీ మనసుకి తప్పనిపించదు.

అయితే ఆ పెద్దలే ఇంకో తలుపు తెరిచిపెట్టారు. నా లెక్కలో ఈ మొత్తం చర్చలో అత్యంత విలువైనది అదే. మను స్మృతి నాలుగో అధ్యాయంలో ఒక శ్లోకం ఉంది. ధర్మం తప్పిన అర్థకామాలను వదిలెయ్యి అని చెప్పి, అక్కడితో ఆగదు. చివరికి దుఃఖానికి దారితీసే ధర్మాన్ని, లోకం ఆక్రోశించే ధర్మాన్ని కూడా వదిలెయ్యి అంటుంది. యాజ్ఞవల్క్యుడూ అంతే: ధర్మమే అయినా లోకవిద్విష్టమైతే, అంటే జనం ఏవగించుకుంటే, ఆచరించకు. విజ్ఞానేశ్వరుడు దీన్ని పుస్తకంలో వదిలెయ్యలేదు, వాడాడు. పెద్దకొడుక్కి ఎక్కువ వాటా ఇవ్వమని శాస్త్రంలో ఉంది కదా అన్న ప్రశ్న వస్తే, ఉంది, కాని లోకం దాన్ని సహించడం లేదు, కాబట్టి చేయకూడదు, కొడుకులందరికీ సమభాగాలే అని తేల్చాడు. ఇంటికొచ్చిన శ్రోత్రియుడికి, అంటే వేదం చదివినవాడికి, ఎద్దునో మేకపోతునో సమర్పించమనే పాతవిధిని అందుకు పోలికగా చూపాడు. శాస్త్రంలో ఉన్నా ఇప్పుడెవరూ చేయరు కదా, ఇదీ అలాగే అని.

మనం "శాస్త్రం మారదు" అని పట్టుబడుతున్నాం. శాస్త్రానికి వ్యాఖ్య రాసినవాడే జనం మనసు చూసి శాస్త్రాన్ని పక్కన పెట్టాడు.

అయితే ఇందులో ఒక ముల్లు ఉంది. లోకం అంటే ఎవరు? ఎవరి ఏవగింపు లెక్కలోకి వస్తుంది? భర్త పోయిన ఆడపిల్లకి మళ్లీ పెళ్లి అనేదాన్ని కూడా ఇదే దారిలో "కలివర్జ్యాల" జాబితాలో పడేశారు, అంటే కలియుగంలో పనికిరానివాటిలో. పెద్దకొడుకు అధిక వాటాను తీసేసిన కత్తితోనే విధవ భవిష్యత్తునీ కోశారు. ఆ పిల్ల గోడు లోకం గోడులో భాగమని ఎవరికీ తట్టలేదు.

ఆ "లోకం" మన తెలుగునాట కూడా అందరి లోకం కాదు. మారుమనువు అనే మాట మన భాషలో ఉంది. అది పండితులు కల్పించిన మాట కాదు. అనేక కులాల్లో భర్త పోయినా, భర్తతో తెగతెంపులైనా స్త్రీ మళ్లీ మనువాడటం మామూలు సంగతి, కులపెద్దల ముందు జరిగే సంగతి. జుట్టు తీయించడం, రెండో పెళ్లి కూడదనడం ప్రధానంగా బ్రాహ్మణుల్లో, వాళ్లను చూసి నడుచుకున్న మరికొన్ని కులాల్లో ఉన్న ఆచారం. కొందరి ఆచారం అందరి ధర్మమనే పేరు తెచ్చుకుంది. "మన సంప్రదాయంలో లేదు" అన్నప్పుడు ఆ "మన"లో ఎవరున్నారో చూసుకోవాలని నేననేది ఇందుకే.

ఇంగ్లీషువాళ్ల కోర్టులొచ్చాక ఆచారానికి ఇంకో బలం వచ్చింది. రామనాథపురం జమీందారీలో భర్త పోయిన రాణి చేసుకున్న దత్తత చెల్లుతుందా అన్న దావా అప్పట్లో చివరి అప్పీలు వినే లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1868లో వచ్చిన తీర్పులో ఒక వాక్యం ఆ తర్వాత తరాల వకీళ్లకి కంఠతా వచ్చింది: హిందూ న్యాయపద్ధతిలో స్పష్టంగా రుజువైన ఆచారం గ్రంథంలోని మాటను మించుతుంది. మీమాంసకుల వరసలో శ్రుతి, స్మృతి తర్వాత నిలబడిన ఆచారం కోర్టులో ముందుకొచ్చి కూర్చుంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి మనకీ అదే మాట వర్తించింది. దీనివల్ల మేలూ జరిగింది, మారుమనువు లాంటివి నిలబడ్డాయి. కీడూ జరిగింది. ఊళ్లో కాలంతో పాటు మెల్లగా మారిపోవాల్సిన పద్ధతులు రికార్డుకెక్కి గట్టిపడ్డాయి.

ఇక మూడోదానికి వస్తాను. లోపలి మాట. మితాక్షర దానికి మిగిల్చిన చిన్న చోటులో ఇమడని ఒక తెలుగు మనిషి ఉంది. తరిగొండ వెంగమాంబ. మదనపల్లె ప్రాంతంలోని తరిగొండలో 1730లో పుట్టింది. చిన్నతనంలోనే పెళ్లి, చిన్నతనంలోనే భర్త పోవడం. ఆ ఇళ్లలో తర్వాత ఏం జరగాలో అందరికీ తెలుసు: తల గొరిగించాలి, బొట్టు తీసెయ్యాలి, గాజులు పగలగొట్టాలి. వెంగమాంబ ఒప్పుకోలేదు. నా భర్త వేంకటేశ్వరుడు, ఆయనకి చావు లేదు, నేను విధవను ఎలా అవుతాను అంది. బొట్టూ జుట్టూ అలాగే ఉంచుకుంది. ఆమెను దారికి తేవడానికి పుష్పగిరి పీఠాధిపతిని రప్పించారనీ, ఆయనే చివరికి ఆమె ముందు తగ్గారనీ కథగా చెప్పుకుంటారు. కథలో మహిమల పాలెంతో పక్కన పెడదాం. ఆ తర్వాత ఆమె తిరుమల చేరింది, అక్కడ కూడా రాసింది, అక్కడే 1817లో కన్నుమూసింది. తిరుమలలో రాత్రి ఏకాంతసేవలో స్వామికి తాళ్లపాక వారి లాలి, తరిగొండమ్మ ముత్యాల హారతి అనేది ఇప్పటికీ నడిచే వరస. కొండ మీద రోజూ వేలమంది భోంచేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు.

ఇందులో నన్ను కట్టిపడేసేది ఆమె వాదించిన తీరు. ఆచారం తప్పు అని ఆమె అనలేదు. విధవకి బొట్టు ఉండకూడదన్న నియమాన్ని ఖండించనూ లేదు. ఆ నియమం నాకు తగలదు, నేను ముత్తైదువను అంది. భక్తి ఆమెకి ఎంత చోటు తెరిచిందంటే ఊరూ పీఠమూ కలిసి మూయలేకపోయాయి. తర్వాత సంప్రదాయమే ఆమెను నెత్తిన పెట్టుకుంది, గుడి సేవలో భాగం చేసుకుంది.

కాని ఆమె హారతి వెలిగిన తర్వాత కూడా పల్లెల్లో మంగలి కత్తి ఆగలేదు. దాదాపు వందేళ్లు అలాగే నడిచింది. వ్యక్తి భక్తి బలమూ అదే, హద్దూ అదే. ఒక మనిషిని విడిపిస్తుంది, పక్కింటి పిల్లని అలాగే వదిలేస్తుంది. వెంగమాంబను పూజించే ఇంట్లోనే కోడలి బొట్టు చెరిపిన చేతులు ఎన్నో. ఆమె మహానుభావురాలు, మనం మామూలు మనుషులం అనుకుంటే ఇక ఎవరూ మారక్కర్లేదు కదా.

మామూలు మనుషుల కోసం చట్టం కావాలి. 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు బెంగాల్లో పరాశర స్మృతి తెరిచి చూపించాడు. కలియుగానికి పరాశరుడే ప్రమాణమని ఆ స్మృతే చెప్పుకుంటుంది. అందులో "నష్టే మృతే ప్రవ్రజితే" అని మొదలయ్యే శ్లోకం, భర్త కనబడకుండా పోయినా, చనిపోయినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా, ఈ అయిదు ఆపదల్లో స్త్రీకి వేరే భర్త విహితమే అంటుంది. చాలదా? చాలలేదు. ఆ శ్లోకంలో భర్త అనే అర్థంలో వచ్చిన "పతౌ" అనే రూపం వ్యాకరణానికి ఒప్పదు, అది "అపతౌ", అంటే ఇంకా భర్త కానివాడు, అయ్యుండాలి, కాబట్టి మాట మాత్రమే ఇచ్చిన వరుడి గురించి చెప్పిందని ఒక వాదం. ఇది వేరే యుగానికి సంబంధించిందని విజయనగర కాలపు మాధవాచార్యుడు అప్పటికే వ్యాఖ్య రాసిపెట్టాడని ఇంకో వాదం. ఆ వెంటనే వచ్చే శ్లోకం బ్రహ్మచర్యంతో ఉండిపోయిన విధవకి స్వర్గం ఇస్తానంటోంది కదా అని మరో వాదం. పదేళ్ల పిల్ల నెత్తి మీద కత్తి ఉండగా ఒక విభక్తి గురించి పండితులు కొట్లాడుకున్నారు.

అయినా 1856లో విధవా పునర్వివాహ చట్టం వచ్చింది. ఆ పెళ్లి చెల్లుతుంది, పిల్లలు న్యాయమైన సంతానమే, మొదటి పెళ్లికి చేసే మంత్రతంతులే దీనికీ చాలు అంది. అయితే రెండో సెక్షన్‌లో ఒక మెలిక. మళ్లీ పెళ్లాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తి మీద ఉన్న హక్కు పోతుంది, ఆమె చచ్చిపోయినట్టే లెక్క. ఒక చేత్తో ఇచ్చి, ఒక చేత్తో లాక్కోవడం చట్టానికీ అలవాటే.

చట్టం వచ్చిన ఏడాది డిసెంబరులోనే కలకత్తాలో మొదటి పెళ్లి జరిగింది. మన రాజమండ్రిలో ఎప్పుడు? 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్లు. చట్టం పుస్తకాల్లో ఉంది, పరాశరుడు పుస్తకాల్లో ఉన్నాడు, పెళ్లి మాత్రం లేదు. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టారు, 1879లో విధవా వివాహం మీద రాజమండ్రిలో ఉపన్యాసాలిచ్చారు, శాస్త్రవాదాలకి శాస్త్రంతోనే జవాబులు చెప్పారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బుతో అండగా నిలిచారు. చివరికి వీరేశలింగం గారింట్లో గోగులపాటి శ్రీరాములుకీ బాలవితంతువు గౌరమ్మకీ పెళ్లయింది.

అప్పుడు ఆచారం ఎక్కడినుంచి దెబ్బ కొట్టిందో చూడండి. శ్లోకంతో కాదు. వంటవాళ్లు మానేశారు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు, పురోహితులు రామన్నారు. బంధువులు భోజనాలకి పిలవడం మానేశారు. పెళ్లికి వచ్చినవాళ్లలో కొందరు వెలి భయానికి ప్రాయశ్చిత్తాలు చేసుకుని వెనక్కి వెళ్లారు. వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తనే గోదావరికి వెళ్లి బిందెతో నీళ్లు తెచ్చి, పెళ్లివారికి తనే వండి పెట్టారని చెప్తారు. ఉపన్యాసాల సంగతి పుస్తకాల్లో పేజీలకి పేజీలుంది. ఆ బిందె గురించి ఒకటి రెండు వాక్యాలే. నా దృష్టిలో ఆ పెళ్లిని నిలబెట్టింది ఆ బిందె.

ఆచారం నివాసం గ్రంథంలో ఉందనుకుని మనం గ్రంథాలతో వాదిస్తాం. అది ఉండేది ఎవరింట్లో మంచినీళ్లు తాగుతామో అక్కడ. ఎవరి పక్కన విస్తరి వేసుకుంటామో అక్కడ. ఎవరు ఎదురొస్తే గుమ్మంలో ఆగిపోతామో అక్కడ. వీరేశలింగానికి మూడూ అవసరమయ్యాయి: పరాశరుడి శ్లోకం, 1856 చట్టం, తన మనసు ఒప్పని పని చేయనన్న మొండితనం. 1878లో ఆయన రాజమండ్రిలో ప్రార్థనా సమాజం పెట్టారు, దేవుడి మీద ఆయన నమ్మకం లోతైనది. ఆ మూడూ ఉండి కూడా పక్కన కూర్చుని తినేవాళ్లు లేక అల్లాడిపోయారు.

ఆ తర్వాతి కథ చట్టం వైపు వేగంగా నడిచింది. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది, స్త్రీకి తన ఆస్తి మీద పూర్తి హక్కు దక్కింది. పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా అన్నది ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతో వచ్చింది, దేశమంతటికీ 2005లో. కొడుకులందరికీ సమానమన్న విజ్ఞానేశ్వరుడి తర్కాన్ని కూతుళ్ల దాకా తేవడానికి మనకి దాదాపు తొమ్మిది వందల ఏళ్లు పట్టింది. రాజ్యాంగం 25వ అధికరణం కూడా ఒకసారి నిదానంగా చదవాల్సిందే. అందులో ముందు అంతఃకరణ స్వేచ్ఛ వస్తుంది, తర్వాతే మతాన్ని పాటించే హక్కు. ఆ రెండింటికీ ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం అనే హద్దులున్నాయి. స్మృతి కర్తలు నాలుగో స్థానంలో పెట్టిన అంతరాత్మ ఇక్కడ మొదటికొచ్చింది. వ్యాఖ్యాతలు దానికి ఇవ్వని చోటు ఇది ఇచ్చింది.

కాని పెళ్లి పళ్లెం ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పే సెక్షన్ ఏ చట్టంలోనూ లేదు, ఉండబోదు కూడా. ఉండాలని నేను అనను. పళ్లెం పట్టుకున్నవాళ్లు తేల్చుకోవాల్సిన విషయం అది.

ఆచారమంటే నాకు చిన్నచూపు లేదు. అదే పెళ్లిలో తలంబ్రాల బియ్యానికి పసుపు కలుపుతుంటే పాడే పాట మా అమ్మమ్మ నుంచి వచ్చింది. దానికి శాస్త్ర ప్రమాణం ఎవరూ అడగలేదు, అడగకూడదు. ఎవరి ఒంటి మీదా బరువు వెయ్యని ఆచారం వెయ్యేళ్లు ఉండనివ్వండి. బరువు ఒకరి మీద పడుతుంటే, పడినవాళ్లకి కాదనే వీలు లేకపోతే, అక్కడ "ఇది ఏ మూలం నుంచి వచ్చింది" అని అడిగి తీరాలి.

పంతులుగారి మాట దగ్గరికే వస్తాను. ఆచారంలో ఉంది అన్నాక ఆయన నా మొహం చూసి ఇంకో మాట అన్నారు. "నేను పిలవనమ్మా, మగపెళ్లివారు పెద్దవాళ్లున్నారు. వద్దని కూడా అనను. నా పుస్తకంలో లేనిదాన్ని నేనెందుకు వద్దంటాను? ముహూర్తానికి ఇంకా పది నిమిషాలుంది." అని మళ్లీ దర్భ చేతిలోకి తీసుకున్నారు.

నేను పళ్లెం తీసుకుని సామాన్ల గదికి వెళ్లాను. అడ్డొస్తారేమో అనుకున్నవాళ్లు ఎవరూ రాలేదు. అడ్డొచ్చింది పిన్నే. పళ్లెం చూడగానే చేతులు వెనక్కి పెట్టేసుకుంది. "వద్దమ్మా, నాకొద్దు. పిల్లకేమన్నా అయితే?" అంది. గొంతులో కోపం లేదు, అవమానం లేదు, వణుకు ఉంది. ఇంతసేపూ నేను శాస్త్రం, ఆచారం అని వాదన సిద్ధం చేసుకుని వచ్చాను. ఆవిడ లోపల రెండూ లేవు, భయం ఉంది. ముప్పై నలభై ఏళ్లుగా విన్న మాటలు ఆవిడ అంతరాత్మ గొంతుతోనే మాట్లాడుతున్నాయి. లోపలి మాట అని మనం అనేదాంట్లో ఎంత మనది, ఎంత ఊరిదో అక్కడ చూశాను. కాళిదాసు శ్లోకం అప్పుడు గుర్తొచ్చి ఏం లాభం.

పిన్ని రోజూ తెల్లవారుజామున రామకోటి రాస్తుంది. బాబాయి పోయిన నెల నుంచి మొదలుపెట్టింది, గళ్ల పుస్తకాలు ఎన్నో నిండాయి. ఆ రోజు కూడా రాసే వచ్చినట్టుంది, చూపుడువేలి మీద ఎర్రసిరా మరక ఉంది. ఏం చెప్పాలో తెలియక నేను ఆ మరకనే చూస్తూ, "పొద్దున ఎన్ని రాశావు పిన్నీ?" అని అడిగాను.

"నూట ఎనిమిది."

"ఎవరి పేరు మీద?"

పిన్ని కాసేపు మాట్లాడలేదు. బయట డోలు సన్నాయి వాళ్లు ఊపందుకున్నారు, ఎవరో పళ్లెం ఏదని కేకేస్తున్నారు. "దానిపేరు మీదే" అంది, కూతురి గురించి. తర్వాత తనలో తను అనుకున్నట్టు, "రాముడేమీ అనుకోడులే" అంది. పమిట చెంగుతో చేతులు తుడుచుకుంది, ఆ వక్కపొడి అంటిన చేతులు. రెండు వేళ్లతో సూత్రాలు ముట్టుకుంది. కళ్లకద్దుకోలేదు, కళ్లు మూసుకుని అలా పట్టుకుంది అంతే. మెల్లగా వదిలి, "వెళ్లు, వెళ్లు, ముహూర్తం దాటిపోతుంది" అని నన్ను తరిమింది.

నేను గుమ్మం దగ్గర తిరిగి చూస్తే, పిన్ని మళ్లీ అదే చోట కూర్చుని పొట్లాలు లెక్కపెడుతోంది.